పాటెత్తే మనిషి

టెక్కలి దాటి లోపలికి పోయే దారిలో, రోడ్డుకు ఎడం పక్కన ఒక కొండ ఉండేది. ఉండేది అనే అనాలి, ఇప్పుడు అందులో సగమే మిగిలింది. తక్కిన సగం ఏ ఊళ్ళో ఎవరింటి గచ్చుగా పడి ఉందో తెలియదు. దాన్ని కిందికి దించింది మాత్రం పద్దెనిమిది మంది మనుషులు, వాళ్ళ చేతుల్లోని గునపాలు, మోకులు, ఒక గొంతు. ఆ గొంతు పోలారావుది.

తొంభై ఏడు, తొంభై ఎనిమిది నాటి మాట. అప్పటికి పోలారావుకు నలభై ఏళ్ళుంటాయి. ఊరు మందస అవతల, ఉద్దానంలో, సముద్రం హోరు ఇంట్లోకి వినపడే చోటు. సోమవారం మొదటి బస్సెక్కి పలాస వచ్చి, అక్కడ టీ తాగి టెక్కలి బస్సు పట్టుకుంటే మళ్ళీ శనివారం సాయంత్రానికే ఇల్లు. వారమంతా కొండ కింద రేకుల షెడ్డులో మకాం. అందరూ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళే, ఎటు తిప్పినా బంధువులే. ఎవరో ఒకరు బావ, ఎవరో ఒకరు మావ.

రాయిని కొండ నుంచి విడదీయడం ఒక ఎత్తు, విడదీసిన రాయిని లారీ దగ్గరికి చేర్చడం ఒక ఎత్తు. కింద దుంగలు పరిచి, వెనక నుంచి గునపాలతో ఎగదన్ని, ముందు నుంచి మోకులు పట్టి లాగాలి. అందరూ ఒక్క క్షణంలో లాగితేనే అది కదులుతుంది. ఒకడు ముందూ ఒకడు వెనకా లాగితే చేతులు బొబ్బలెక్కడమే తప్ప రాయి చలించదు. ఆ ఒక్క క్షణాన్ని పట్టి తెచ్చేవాడు పోలారావు. ఎత్తయిన బండ మీద నిలబడి, కుడి అరచెయ్యి చెవికి అడ్డం పెట్టుకుని పాట ఎత్తేవాడు.

"సన్నేసి బావ నడుం సూడు!"

"ఐలేసా!"

"సంతలో ఎద్దుకి సిగ్గు సూడు!"

"ఐలేసా!"

అవి ఎవరో రాసిన పాటలు కావు, ఎవరూ నేర్పినవీ కావు. ఆ పూటకు ఆ పూట పుట్టేవి. ఎవడు అత్తవారింట్లో అలిగొచ్చాడో, ఎవడు చోడంబలి రెండు ముంతలు తాగి మూడోదానికి చెయ్యి చాపాడో అన్నీ పాటలోకి ఎక్కేవి. లాగేవాళ్ళంతా తమ పేరు ఎప్పుడొస్తుందా అని పెళ్ళిపందిట్లో విస్తరి కోసం చూసినట్టు చూసేవారు. పేరు రాగానే వాడి చేతుల్లోకి ఎక్కడిదో బలం వచ్చేది. అందులో సన్యాసి మరీను. మోకు మొదట నిలబడేవాడు అతనే, అందరికంటే బలిష్ఠుడు, పోలారావుకు వరసకు బావ. పాటలో తన పేరు వినపడితే చాలు, ఆ మహానుభావుడు కొండనే కుదుళ్ళతో పెకిలించేలా లాగేవాడు. అబ్బ, ఏం రోజులవి! ఆ కేకకు కింద రోడ్డు మీద పోయే బస్సులు కూడా నెమ్మదించేవని చెప్పుకునేవారు. కొంత అబద్ధమే అయినా అందరూ ఇష్టంగా నమ్మిన అబద్ధం.

అలాంటి రోజుల్లో క్వారీకి రమణమూర్తి గారు మేనేజరుగా వచ్చారు. విశాఖపట్నం మనిషి, తలమీద పచ్చ హెల్మెట్టు, మాట మెత్తన. మొదటి రోజు పనంతా నిలబడి చూసి, పక్కనున్న కుర్రాణ్ణి అడిగారు. ఆ కుర్రాడు త్రినాథ్, పోలారావుకు మేనల్లుడు, ఐటీఐ చదివి ఆ మధ్యే పనిలో చేరాడు.

"అందరూ లాగుతున్నారు, బాగానే ఉంది. ఆ పైన నిలబడ్డ అతను చేసే పనేమిటి?"

"పాడతాడు సార్," అన్నాడు త్రినాథ్.

మేనేజరు గారు నవ్వేశారు. వెక్కిరింపు కాదు, నిజంగానే తెలియక అడిగిన మనిషి. అందరూ నవ్వారు, పోలారావు కూడా నవ్వాడు. కానీ ఆ ప్రశ్న అతన్ని వదల్లేదు. ఆ శనివారం ఇంటికెళ్ళే బస్సులో కిటికీ పక్కన కూర్చుని తనను తానే అడిగి చూసుకున్నాడు. గునపం పట్టడు, మోకు లాగడు, ఉలి కొట్టడు. పాట మానేస్తే తను ఎవరు? అతనికి భయం వేసింది.

రెండువేల సంవత్సరం ఎండాకాలంలో, ఇంకో పది రోజుల్లో క్రేను వస్తుందన్నారు. క్రేను నడిపే ఆపరేటరు కూడా దాంతోపాటే బరంపురం వైపు నుంచి వస్తాడు. ఇంజను మోతలో అతనికి మాట వినపడదు కాబట్టి కింద ఒకడు నిలబడి చేతి సైగలు చెయ్యాలి, అతన్నే సూపర్‌వైజరు చేస్తామని రమణమూర్తి గారు చెప్పారు. ఇంకెవరు, పోలారావేనని అందరూ ఒకే మాటగా అనేశారు. ఇన్నేళ్ళూ రాయిని నడిపించినవాడు కాక ఇంకొకడా?

పోలారావు ఆ పది రోజులూ సైగలు తెగ నేర్చాడు. బొటనవేలు పైకెత్తితే రాయి పైకి, కిందికి చూపితే కిందికి, పిడికిలి బిగిస్తే ఆపెయ్యాలి. చెయ్యి పైకెత్తి పక్కకు వాలిస్తే ఆ పక్కకు తిప్పాలి. శనివారం ఇంటి వెనక జీడితోటలో నిలబడి అవే చేస్తుంటే భార్య, పేరు పెద్దతల్లి, నడుం మీద చెయ్యేసుకుని చూసి, కాకుల్ని తోలుతున్నావేటని అడిగింది. పోలారావు ఆమెకు కూడా పిడికిలి బిగించి చూపించాడు.

తీరా ఆ రోజు వచ్చింది. క్రేను కొక్కేనికి రాయి తగిలించారు. అందరూ గుమిగూడారు. పోలారావు బొటనవేలు పైకెత్తాడు, రాయి లేచింది. ఇన్నాళ్ళూ మోకులతో తంటాలు పడిన బరువు గాలిలోకి అలా లేచేసరికి అతని ఒళ్ళు పులకరించింది. ఒళ్ళు పులకరిస్తే ఇరవై ఏళ్ళుగా ఆ మనిషి ఏం చేస్తాడో అదే చేశాడు. కుడి చెయ్యి ఎత్తి, చెవికి అడ్డం పెట్టుకుని, గొంతు విప్పాడు.

పాట ఆపరేటరుకు వినపడలేదు. చెయ్యి మాత్రం కనపడింది. పక్కకు తిప్పమన్నాడనుకుని తిప్పేశాడు. రాయి గిర్రున వెళ్ళి నీళ్ళ డ్రమ్మును అప్పడం చేసింది. అదృష్టం బాగుండి అక్కడ మనిషి లేడు. అందరూ పగలబడి నవ్వారు. అది గండం గడిచిన నవ్వే గాని, పోలారావుకు అలా వినపడలేదు. ఆ సాయంత్రమే మేనేజరు గారు ఆ పని త్రినాథ్‌కు ఇచ్చారు. త్రినాథ్ తల ఎత్తకుండా సరేనన్నాడు. సోమవారం పలాస బస్సు ఊళ్ళోకి వచ్చి వెళ్ళింది, పోలారావు ఎక్కలేదు.

జీడిపిక్కలు ఏరే రోజులు కాబట్టి తోటపని ఉందని అందరికీ చెప్పాడు. ఎవరూ నమ్మలేదు, ఎవరూ కాదనలేదు. ఒకనాడు ఊసుపోక సన్యాసిని చూడ్డానికి పక్క ఊరెళ్ళాడు. క్రేను రావడానికి కొన్ని వారాల ముందే సన్యాసి నడుం పట్టేసి పని మానేశాడు. నులకమంచం మీద పడుకుని, గోడ పట్టుకుంటే గాని లేవలేకుండా ఉన్నాడు. బావను చూడగానే ముఖం వెలిగింది, నడుం మీది పాట గుర్తు చేసుకుని మురిసిపోయాడు. అతని భార్య కళావతి మజ్జిగ తెచ్చి ఇస్తూ, నిష్ఠూరమో గొప్పో తెలియని గొంతుతో అంది.

"నీ పాటలో పేరొత్తే సాలన్నా, ఈ మనిసికి ఒళ్ళు తెలిసేది కాదు. నడుం నొప్పెడతంటే ఎల్లొద్దన్నాను. ఆ రోజు రొండుసార్లు నా పేరెత్తినాడే అని మురిసిపోతా వొచ్చి పడిపోనాడు."

పోలారావు మజ్జిగ తాగలేకపోయాడు. ఆ రోజు అతనికి బాగా గుర్తుంది. పొద్దున్నే సన్యాసి నడుం పట్టుకుని బండ మీద కూర్చోవడం చూశాడు. వీడు లేవకపోతే రాయి లేవదని, అందుకే రెండుసార్లు పేరెత్తాడు. తనకు కనపడింది. కనపడ్డదాన్ని అతను రాయి కోసం వాడాడు, మనిషి కోసం కాదు. ఇంటికి వచ్చే దారి పొడుగునా ఆ సంగతే మనసును మెలిపెట్టింది.

వానలు పడ్డాక త్రినాథ్ వచ్చాడు. మావ ఎదట నిలబడలేక అరుగు చివర కూర్చున్నాడు. క్రేను బాగానే ఉందట, సైగలూ బాగానే ఉన్నాయట, కానీ మనుషులు మునుపటిలా లేరట. ఒకడు జ్వరంతో వచ్చి కొక్కెం దగ్గరే కళ్ళు తిరిగి పడబోయాడు. ఇద్దరు ఇంట్లో తగువులు పనిలోకి తెచ్చుకుని ఒకరి మీదొకరు గునపాలు ఎత్తారు. మేనేజరు గారికి ఏం చెయ్యాలో పాలుపోవడం లేదు.

"నా మాట ఇంటారు మావా," అన్నాడు త్రినాథ్. "గాని నాకేటీ సెప్పరు. నీకెవులూ సెప్పకుండానే అన్నీ ఎలాగ తెలిసీవి?"

తెలియకపోతే పాట ఎలా కడతాను అనబోయి పోలారావు ఆగిపోయాడు. ఎవడు కుంటుతున్నాడు, ఎవడు తినలేదు, ఎవడు రాత్రి ఏడ్చాడు అన్నది పొద్దున్నే చూసి పెట్టుకుంటేనే గదా పాట పుట్టేది. ఇన్నాళ్ళూ పాటే తన పని అనుకున్నాడు. పాట కంటే ముందు ఇంకో పని ఉందని, దాన్ని ఏ క్రేనూ చెయ్యలేదని ఆ అరుగు మీద కూర్చున్నప్పుడు తోచింది. ఎంతో కాలానికి అతనికి ఆకలేసింది. మేనల్లుడికీ తనకూ అన్నం పెట్టమని పెద్దతల్లిని కేకేశాడు.

పొద్దున్నే మనుషుల్ని చూసి పెట్టే పనికి మావను తీసుకుందామని త్రినాథ్ అడిగితే, నెల్లాళ్ళు చూద్దామని రమణమూర్తి గారు ఒప్పుకున్నారు. తెల్లవారగానే పోలారావు షెడ్డు నుంచి కొండెక్కే దారి మలుపులో నిలబడేవాడు. వచ్చేవాళ్ళను ఎలా ఉన్నావని అడిగేవాడు కాదు, అలా అడిగితే అందరూ బాగున్నాననే అంటారు. ఏం తిన్నావని అడిగేవాడు, వరసలు కలిపి ఆట పట్టించేవాడు, ఏ కాలు ముందు వేస్తున్నాడో చూసేవాడు. తర్వాత త్రినాథ్ దగ్గరికెళ్ళి చెవిలో చెప్పేవాడు. అప్పలస్వామిని ఈ రోజు కొక్కెం దగ్గరికి రానివ్వకు, ఆ పిల్లాణ్ణి పంపించెయ్, వాళ్ళమ్మకు బాగాలేదు. నెల తిరిగేసరికి గొడవలు తగ్గాయి, దెబ్బలూ తగ్గాయి. మేనేజరు గారు ఒక పొద్దున ఆ మలుపులో చాలాసేపు నిలబడి చూసి, మర్నాడు పోలారావుకు కూడా పచ్చ హెల్మెట్టు తెప్పించారు. ఇంకో కొండ మీద క్వారీ తెరిచినప్పుడు అక్కడి దారిలో నిలబడడానికి మనుషుల్ని ఎంచి, పని నేర్పమని అడిగింది కూడా పోలారావునే. పలాస బస్టాండులో టీకొట్టువాడు అతన్ని సూపర్‌వైజరు గారూ అని పిలవడం మొదలెట్టాడు. వినడానికి బాగానే ఉండేది.

పాట మాత్రం పోయింది. కావాలని మానింది కాదు, దానికి చోటు లేకుండా పోయింది. ఇంజను మోతలో నిలబడ్డప్పుడు ఒక్కోసారి ఆ పాత కేక చెవుల్లో తిరిగేది. సాయంత్రాలు షెడ్డులో పాతవాళ్ళు కొత్తవాళ్ళకు ఆ కథలు చెబుతుంటే వినలేక అతను బయటికెళ్ళిపోయేవాడు. పచ్చ హెల్మెట్టూ, జీతమూ, గౌరవమూ అన్నీ ఇచ్చేసి ఒక్క పూట ఆ బండ ఎక్కమంటే ఎక్కేవాడేమో.

రెండువేల ఐదులో ఆ పూట రానే వచ్చింది. క్రేను పాడైంది. మెకానిక్కు మర్నాటికి గాని రాడు. కింద లారీ ఎదురుచూస్తోంది, రాయి ఎక్కాల్సిన ఓడ వెళ్ళిపోతుందని విశాఖపట్నం నుంచి ఫోన్ల మీద ఫోన్లు. రాయి చిన్నదే, పాత పద్ధతిలో లాగేద్దామని ఎవరో అన్నారు. అంతే, కొండంతా పండగ వాతావరణం. షెడ్డు వెనక నుంచి మోకులు వచ్చాయి, దుంగలు వచ్చాయి. కథలు విని విని ఉవ్విళ్ళూరిన కుర్రాళ్ళు పరుగెత్తుకొచ్చి వరసలో నిలబడ్డారు. రమణమూర్తి గారే స్వయంగా వచ్చి, పోలారావూ, ఈ ఒక్కసారి నువ్వే ఎత్తాలయ్యా అన్నారు.

పోలారావు బండ ఎక్కాడు. కింద అన్ని తలలూ అతని వైపు తిరిగాయి. కుడి చెయ్యి దానంతటదే చెవి దాకా వెళ్ళింది. పాట మొదటి ముక్క నాలుక మీదికి వచ్చేసింది, అప్పలస్వామి పేరుతో.

ఆ పేరు దగ్గరే అతను ఆగిపోయాడు. పొద్దున్న మలుపులో అప్పలస్వామి ఎడమ భుజం కిందికి జారి ఉంది, చెంబు కుడి చేత్తోనే పట్టుకున్నాడు. అయినా మోకు మొదట్లో వచ్చి నిలబడ్డాడు. వాడి వెనక కుర్రాడు నిన్నటి నుంచి సరిగా తినలేదు. ఇద్దరూ మెరిసే కళ్ళతో ఇటే చూస్తున్నారు. పేరెత్తితే లాగుతారు. భుజం ఊడిపోయినా లాగుతారు. రాయి కచ్చితంగా కదులుతుంది. ఆ సంగతి ఆ కొండ మీద అతని కంటే బాగా ఎవరికీ తెలియదు.

చెయ్యి దించేశాడు.

"మోకులు వొదిలీండి," అన్నాడు. "రేపు మిషను బాగవుతాది. రాయి ఎక్కడికీ పోదు."

మేనేజరు గారు లారీ సంగతి ఎత్తారు. పోలారావు వినయంగానే వద్దన్నాడు, ఎందుకో చెప్పలేదు. అందరి ముందూ అప్పలస్వామి పేరు చెప్పడం అతనికి ఇష్టం లేదు. రమణమూర్తి గారు అతని ముఖంలోకి కాసేపు చూసి, ఫోను తీసి లారీ రేపు వస్తుందని విశాఖపట్నానికి చెప్పారు. కుర్రాళ్ళు ఉసూరుమన్నారు. గొంతు పోయిందిరా, అందుకే తప్పించుకున్నాడని ఒకడన్నాడు. ఆఫీసరైపోయాక మనతో ఎందుకు పాడతాడని ఇంకొకడు. అన్నీ వింటూనే పోలారావు బండ దిగి, ఎవరి వైపూ చూడకుండా దారి పట్టాడు.

త్రినాథ్ వెనకాలే వచ్చి మలుపులో అందుకున్నాడు.

"మావా, నీకు పాడాలని నేదా?"

"ఉందిరా," అన్నాడు పోలారావు. "సచ్చేటంత ఉంది. అందుకే దిగిపోనాను."

ఆ మాట అన్నాక ఇంక ఆపుకోలేకపోయాడు. హెల్మెట్టు తీసి రాతి మీద పెట్టి, మేనల్లుడి భుజం పట్టుకుని ఏడ్చాడు.