జవాబు కోసం వదిలిన ఖాళీ

పొద్దున ఎనిమిదింటికల్లా జిప్పులమ్మ ఇంట్లో పనులు ఒక కొలిక్కి వచ్చేస్తాయి. భర్తకి మొహం కడిగి, పాలల్లో నానబెట్టిన బ్రెడ్డు తినిపించి, గడ్డం మీద కారింది తుడిచి, చక్రాల కుర్చీని కిటికీ దగ్గరికి తోసి బ్రేకు వేస్తుంది. ఆ తర్వాత కుట్టుమిషను ముందు కూర్చుంటుంది. పాడైన జిప్పులు మార్చటం, పొడుగు ప్యాంట్లు పొట్టి చేయటం, యజమానులు లావెక్కితే నడుములు వదులు చేయటం ఆవిడ పని. అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఉంది కానీ వీధిలో దాన్ని వాడిన వాళ్లు లేరు, ఆవిడా అడగలేదు.

ఎనిమిదీ పదికి ఎదురుగా ఉన్న స్టాపులో బస్సు ఆగుతుంది. ఊరంతా ఓ చుట్టు తిరిగి నలభై నిమిషాలకి మళ్లీ అక్కడికే వచ్చే బస్సు అది. అది కనబడగానే ఆయన ఎడమచెయ్యి గుండెల మీద పెట్టుకుని, ఆవిడ వైపు తిరిగి ఒక మాట చెబుతాడు. రోజూ అదే మాట, అరబ్బీలో. ఆవిడకి ఒక్క ముక్క అర్థం కాదు. "అలాగేనండీ, తర్వాత చూద్దాం" అని చెయ్యి ఊపి, ఓ బిస్కట్టు ఆయన చేతిలో పెట్టి మిషను తొక్కుకుంటుంది. ఆయన బిస్కట్టు తినడు. మధ్యాహ్నం దాకా దాన్ని అలా పట్టుకునే కూర్చుంటాడు.

ఆయన ఇరవై రెండేళ్లు అరబ్బీ మాట్లాడే దేశంలో ఒక పెద్దింట్లో కారు డ్రైవరుగా చేశాడు. పని మానేసి ఇంటికొచ్చిన ఏడాదికి పక్షవాతం వచ్చింది. కుడి కాలూ కుడి చెయ్యీ పోయాయి. వాటితో పాటు తెలుగు కూడా పోయింది. అరబ్బీ మాత్రం మిగిలింది. ఇలా జరగటం కొత్తేమీ కాదనీ, ఒక్కో భాష తలలో ఒక్కో గదిలో ఉంటుందనీ, ఆ గది తాళం ఎక్కడ పడిపోయిందో తనకీ తెలియదనీ డాక్టరు చెప్పాడు. నడక మీద ఆశ పెట్టుకోవద్దన్నాడు. ఇంకోసారి వస్తే ఈ నాలుగు మాటలూ మిగలవనీ, అది రేపైనా రావచ్చనీ కూడా అన్నాడు.

అప్పటినుంచీ ఆవిడకి ఒకటే దిగులు. ఆ నోరు పూర్తిగా మూతబడేలోపు, ఆయన రోజూ తనని ఏం అడుగుతున్నాడో తెలియాలి. నీళ్లు, మందు, బాత్రూము, నొప్పి అని బొమ్మలున్న అట్టముక్కలు చూపిస్తే ఆయన పక్కకి తోసేశాడు. కూతురు వచ్చి ఆ మాటని ఫోనుకి వినిపిస్తే, అది బాగా ఆలోచించి, "పెళ్లికి సముద్రం రాలేదు" అని తెలుగు చేసి పెట్టింది. కూతురి ఆఫీసులో అరబ్బీ వచ్చిన ఒకాయన ఉన్నాడు. రికార్డు చేసి పంపితే, మాట ముద్దగా ఉంది, ఏమీ పట్టుకోలేకపోతున్నాను, క్షమించండి అన్నాడు.

"అయితే నేనే నేర్చుకుంటాను" అంది జిప్పులమ్మ.

"అమ్మా, నీకు లిఫ్టులో ఏ బటన్ నొక్కాలో తెలీదు."

"లిఫ్టు రోజూ పొద్దున్నే నన్ను ఏదో అడగటం లేదుగా."

కూతురు ఒక కోర్సు ఫోనులోకి దింపి ఇచ్చింది. అందులో ఓ పెద్దమనిషి, గొంతు సవరించుకుని మరీ మాట్లాడేవాడు. రెండు వారాలు ఆవిడ చెవుల్లో వైర్లు పెట్టుకుని జిప్పులు కుట్టింది. నేర్చుకున్న మొదటి నాలుగు వాక్యాలూ పొద్దున్నే ఆయన ముందు నిలబడి అప్పజెప్పింది. ఆయన కళ్లు పెద్దవి చేసి విన్నాడు. తర్వాత మొహంలో కదిలే సగంతో నవ్వాడు, ఎడమచేత్తో సెల్యూట్ కొట్టాడు. అయిదు నెలల తర్వాత ఆయన నవ్వటం అదే మొదలు. ఆవిడకి సంతోషమూ వేసింది, తల కొట్టేసినట్టూ అయింది.

ఎందుకు నవ్వాడో లైబ్రరీలో పెద్దాయన విడమరిచి చెప్పాడు. ఆడియో విభాగం చూసే ఆయనకి చెవిలో వినికిడి మిషను ఉంటుంది. ఆ కోర్సులో ఉన్నది పుస్తకాల అరబ్బీ, వార్తలు చదివే అరబ్బీ అట. "ఆ భాషలో ఎవరూ ఉల్లిపాయలు కొనరమ్మా. మీరు మీ ఆయన్ని పట్టుకుని, నాథా, భోజనము సిద్ధముగా నున్నది, వేంచేయుడు అంటే ఎలా ఉంటుంది?"

జిప్పులమ్మకి ఆ సెల్యూట్ సంగతి అప్పుడు తెలిసింది.

పెద్దాయన రెండో కోర్సు తీశాడు. అది యాత్రికుల కోసం చేసింది. అక్కడే కూర్చుని వింది. సముద్రం కనబడే గది కావాలి, విమానాశ్రయం ఎటు, ఫొటో తీసి పెడతారా. వెనక సంగీతం ఒకటి. ఒక్కో వాక్యం తర్వాత తిరిగి చెప్పటానికి వదిలిన ఖాళీ ఎంత చిన్నదంటే, ఈవిడ మొదటి అక్షరం దగ్గర ఉండగా వాళ్లు విమానం ఎక్కేస్తున్నారు. కుర్చీలో కూర్చున్న మనిషిని అడగటానికి పనికొచ్చే మాట అందులో ఒక్కటీ లేదు. ఆవిడ వైర్లు చెవుల్లోంచి తీసి బల్ల మీద పెట్టింది, ఏడుపు ఆపుకోవటానికి బ్యాగ్ జిప్పు రెండుసార్లు తీసి వేసింది.

అది చూసి పెద్దాయన లోపలికి వెళ్లి, దుమ్ము పట్టిన ఒక పెట్టె తెచ్చాడు. పదహారు సీడీలు. జిప్పులమ్మ భర్త పనిచేసిన దేశంలో జనం మాట్లాడే అరబ్బీయే, అక్కడికి పనులకి వెళ్లే తెలుగువాళ్ల కోసం చేసింది. టీచరమ్మ ప్రతి మాటా తనే రెండుసార్లు చెప్పి, ఇప్పుడు మీరు చెప్పండి అని ఆగుతుంది.

"దీంట్లో ఖాళీలు పెద్దవి. మీరు జవాబు చెప్పేదాకా ఏదీ ముందుకు కదలదు. పొయ్యి మీద ఏదైనా ఉంటే దించేసి మొదలుపెట్టండి" అన్నాడు. ఇదే టీచరమ్మ నేర్పిన ఫ్రెంచి సీడీలు వెనక వీధిలో ఒక రిటైర్డ్ మాస్టారు పట్టుకెళ్లాడనీ, ఆయన ధర్మమా అని చలికాలమంతా ఆ వీధికి పాలు ఆలస్యంగా వచ్చాయనీ కూడా చెప్పాడు. జిప్పులమ్మ సంతకం పెట్టి పెట్టె తెచ్చుకుంది.

మొదటి పాఠంలో టీచరమ్మ, మీ పేరు చెప్పండి అంది. జిప్పులమ్మకి ఆ వాడని పేరు ముందర పెట్టవలసిన అరబ్బీ మాట గుర్తు రాలేదు. కుళాయి నీళ్లు సగంలో నిలిచిపోయాయి. గోడ గడియారం ఆగింది. ఎదురు స్టాపులో బస్సు కదలబోయి కదల్లేదు. డ్రైవరు దిగి వచ్చి టైరుకి ఆనుకుని నిలబడ్డాడు. పక్కింటావిడ ఆరేస్తున్న దుప్పటి గాల్లో ఉబ్బి అలాగే ఉండిపోతే, దాని కిందే స్టూలు వేసుకుని కూర్చుంది. ఎంతసేపటికో మాట దొరికింది. జిప్పులమ్మ చెప్పగానే నీళ్లు పడ్డాయి, బస్సు వెళ్లిపోయింది.

వారం తిరిగేసరికి వీధి దీనికి అలవాటు పడిపోయింది. ఎనిమిదింటికి పాఠం ఉంటుందని బస్సులో వాళ్లు పేపర్లు, అల్లికలు తెచ్చుకోవటం మొదలుపెట్టారు. ఆరో పాఠానికి సగంమందికి అరబ్బీ వచ్చేసింది. కిటికీ బయటినుంచి జవాబులు అందించేవాళ్లు. కానీ ఆ సీడీకి ఆవిడ గొంతే కావాలి.

పదకొండో పాఠం పెద్దింట్లో పని గురించి. ఇంటి యజమానురాలిని అక్కడ మదామ్ అంటారు. పనివాడు మదామ్‌తో మాట్లాడుతున్నాడు, వినండి అంది టీచరమ్మ. మగ గొంతు ఒకటి ఒక వాక్యం చెప్పింది.

జిప్పులమ్మ చేతిలో కత్తెర అలాగే ఉండిపోయింది. అయిదున్నర నెలలుగా రోజూ విన్న మాట, దాని ఎత్తుపల్లాలన్నీ ఆవిడకి కంఠతా వచ్చు. ముద్దముద్దగా కాకుండా, ఇస్త్రీ చేసినట్టు శుభ్రంగా అదే మాట సీడీలోంచి వచ్చింది. టీచరమ్మ అర్థం చెప్పింది. మదామ్, నాకు ఇజాజా కావాలి. ఇజాజా అంటే సెలవు. ఇంటి దగ్గర నా భార్య ఎదురుచూస్తోంది.

కుర్చీలోంచి ఆయన కూడా ఆవిడ వైపు తిరిగి, ఎడమచెయ్యి గుండెల మీద పెట్టుకుని అదే చెప్పాడు.

ఇరవై రెండేళ్లలో ఆయనకి దొరికిన సెలవులు ఏడు. కూతురు పుట్టినప్పుడు రాలేదు. ఈవిడకి ఆపరేషన్ అయినప్పుడు రాలేదు. మదామ్ ఒప్పుకోలేదు, తర్వాత చూద్దాం అంటోంది అని ఆయన ఉత్తరాలు రాసేవాడు. మొహమైనా తెలియని ఆ మదామ్‌ని జిప్పులమ్మ తిట్టని తిట్టు లేదు. ఇప్పుడు చూస్తే, రోజూ పొద్దున్నే చెయ్యి ఊపి, బిస్కట్టు ఇచ్చి, కుదరదని పంపేసిన మదామ్ తనే.

ఇప్పుడు మీరు మదామ్. సెలవు ఇవ్వండి అంది టీచరమ్మ. తనే రెండుసార్లు ఆ జవాబు చెప్పి ఆగింది.

అన్నీ ఆగాయి. బస్సు ఆగింది, గడియారం ఆగింది. సెలవిస్తే ఆయన ఎటు వెళ్తాడు? వెళ్లవలసిన ఇల్లు ఇదే. వెళ్లటానికి కాలు లేదు. పొమ్మంటే ప్రాణమే పోతుందేమోనని భయం వేసింది. వద్దంటే రేపు మళ్లీ అడుగుతాడు, ఎల్లుండి అడుగుతాడు, ఆ తర్వాత ఒకరోజు నోరు పడిపోతుంది. ఆయన ఆవిడనే చూస్తూ కూర్చున్నాడు. బయట ఎవరూ తొందరపెట్టలేదు.

ఆవిడ నిటారుగా నిలబడి, టీచరమ్మ చెప్పింది చెప్పినట్టు ఒక్క గుక్కలో అప్పజెప్పేసింది.

ఆయన తల వంచి దణ్ణం పెట్టాడు, రెండు చేతులతో. కుర్చీలోంచి లేచాడు. జిప్పు మార్చటానికి ఎవరో ఇచ్చిన సంచి ఒకటి అక్కడుంటే భుజాన వేసుకుని, చెప్పులు తొడుక్కుని, వీధి దాటి బస్సెక్కాడు. మదామ్ అన్నాక పనివాడి వెంట పరిగెత్తకూడదు కాబట్టి జిప్పులమ్మ ఉన్నచోటే నిలబడింది. తర్వాత తలుపు వేసుకుని జుట్టు దువ్వుకుంది. చక్రాల కుర్చీని వెనక గదిలో పెట్టేసింది. చేయటానికి ఇంకేమీ లేదు. నలభై నిమిషాలు మంచం అంచున కూర్చుంది.

బస్సు తిరిగొచ్చింది. తలుపు చప్పుడైంది.

"తలుపు తీయటానికి ఇంతసేపా?" అన్నాడు ఆయన, తెలుగులో. "ఏమిటోయ్, ఇలా చిక్కిపోయావు?"

ఆవిడ ఆయన మొహాన్ని రెండు చేతులతో పట్టుకుని చూసింది. రెండు వైపులా కదులుతోంది.

"నెల రోజులే ఇచ్చింది ఆవిడ. రోజూ బతిమాలితే చివరికి నెల" అన్నాడు సంచి దింపుతూ.

జిప్పులమ్మకి అప్పుడు గుర్తొచ్చింది. టీచరమ్మ వాక్యంలో చివర షహర్ అని ఉంది. షహర్ అంటే నెల. వాక్యం మొత్తం కలిపి బట్టీ పట్టింది కాబట్టి మొత్తం కలిపి చెప్పేసింది. ఏడాది అనే మాట ఆవిడకి వచ్చు. ఎప్పటికీ అనే మాట కూడా వచ్చు. తొమ్మిదో పాఠంలోనే నేర్చుకుంది.

ఆ నెల బాగానే గడిచింది. కూతురు సెలవు పెట్టి వచ్చి నాన్న పక్కన కూర్చుని చిన్నప్పటి సంగతులన్నీ చెప్పింది. ఆయన కారే కుళాయి బాగు చేశాడు, కూరలో ఉప్పెక్కువైందని విసుక్కున్నాడు, మిషనుకి నూనె పోశాడు. అరబ్బీ మాట ఎత్తితే, సెలవులో కూడా ఆ గోలేమిటి అనేవాడు. ఇరవయ్యో రోజున సబ్బు, దువ్వెన సంచిలో సర్దుకోవటం మొదలుపెట్టాడు. ఆ మదామ్ నేనేనండీ, నెల అని పొరపాటున అన్నాను అని ఆవిడ చెప్పి చూసింది.

"నీకంత సీనెక్కడిది?" అని నవ్వాడు ఆయన. "మాట తప్పితే మళ్లీ సెలవివ్వదోయ్."

ఆవిడ మిగిలిన సీడీలన్నీ వెతికింది. పన్నెండులో కూరగాయలు, పదమూడులో ఎండావానా, పధ్నాలుగులో దర్జీ దుకాణం. సెలవు పొడిగించటం ఎక్కడా లేదు. సొంతంగా ఓ వాక్యం కూర్చుకుని ఆయన ముందు చెప్పింది కానీ, ఆయనకిప్పుడు అరబ్బీ బొత్తిగా అర్థం కావటం లేదు. లైబ్రరీకి వెళ్లి రెండో భాగం ఉందా అని అడిగింది. పెద్దాయన అలమరలన్నీ గాలించి, "మొదటి భాగమే చేసినట్టున్నారమ్మా" అన్నాడు.

ముప్పయ్యో రోజు పొద్దున ఆయన కుడికాలు కాస్త ఈడుస్తూ నడిచాడు. నీళ్లు అడగబోతే అరబ్బీ మాట వచ్చింది. ఎనిమిదయ్యేసరికి సంచి భుజాన వేసుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు. బస్సు మలుపు తిరుగుతూ కనబడింది. నలభై నిమిషాల తర్వాత అందులోంచి ఎవరు దిగుతారో, అసలు దిగుతారో లేదో జిప్పులమ్మకి తెలియదు. పొయ్యి ఆర్పి, పదహారో సీడీ పెట్టింది. ఆఖరి పాఠం.

మీ ఇంటినుంచి మనిషి బయల్దేరుతున్నారు, క్షేమంగా వెళ్లి రమ్మని చెప్పాలి అంది టీచరమ్మ. రెండుసార్లు చెప్పి వినిపించింది. చాలా చిన్న వాక్యం. ఇప్పుడు మీరు చెప్పండి అని ఆగింది.

జిప్పులమ్మ పెదవులు బిగించింది.

గడియారం ఆగింది. సగం తెరుచుకున్న తలుపుతో బస్సు ఆగింది. డ్రైవరు కిటికీ వైపు ఒకసారి చూసి, పేపరు తీసుకుని దిగాడు. ఒకావిడ అల్లిక ముందేసుకుంది. ఈసారి కిటికీ బయటినుంచి ఎవరూ జవాబు అందించలేదు.

ఆయన గుమ్మంలోంచి వెనక్కి తిరిగి తెలుగులోనే అడిగాడు. "ఏదో చెప్పమంటోందిగా ఆవిడ. చెప్పవేం?"

"గుర్తు రావటం లేదండీ" అంది జిప్పులమ్మ. "మీరు కూర్చోండి."