ఊఁ కొట్టే మనిషి

పార్సిప్పనీలో కార్మిక శాఖ మీటింగ్ రూమ్‌ని రోజూ పొద్దున్నే కృష్ణవేణి ఊడుస్తుంది. నిజానికి ఆవిడ ఉద్యోగం మినిట్స్ రాయడం. అక్కడ బల్లకి ఈవైపు కంపెనీవాళ్ళు, ఆవైపు యూనియన్‌వాళ్ళు, మధ్యలో గవర్నమెంటు తరఫున రాజీ కుదిర్చే నీరజ్ కూర్చుంటారు. ఒకరి మాట ఇంకొకరు వినకపోతే ఆ మాట పొట్టై బల్లమీద రాలుతుంది. లాయర్లు కోటు దులుపుకుని వెళ్ళిపోతారు. క్లీనింగ్ వాళ్ళేమో అది మా కాంట్రాక్ట్‌లో లేదంటారు. ఇంకేం, చీపురు కృష్ణవేణి చేతికొచ్చింది.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆ పని ఆవిడకి ఇష్టమే. భర్త భాస్కర్ పోయి నాలుగేళ్ళయింది. పిల్లల్లేరు. అపార్ట్‌మెంట్‌లో ఒంటికాయ శొంఠికొమ్ములా ఉంటుంది. వంట చేసుకుంటూ తనలో తను మాట్లాడుకుంటే స్టవ్ పక్కన కూడా దోసెడు పొట్టు పోగవుతుంది. మనిషి గొంతు వినబడేది ఆఫీసులోనే. అక్కడా రాసేవాళ్ళు నోరు విప్పకూడదని రూలు. పోనీలే, వినడానికైనా నలుగురున్నారు కదా అనుకునేది.

2013 జూన్‌లో ఒకరోజు నీరజ్ ఆవిడ డెస్క్ దగ్గరికొచ్చి నిలబడ్డాడు. ఈ దేశంలోనే, ఎడిసన్‌లో పుట్టి పెరిగినవాడు. నలుగురిలో పేరు పెట్టి పిలుస్తాడు, ఎవరూ లేనప్పుడు ఆంటీ అంటాడు.

"ఆంటీ, అంతా మోడర్నైజ్ చేస్తున్నారు. ఇంక ఎవరూ ఇక్కడికి రారు. వీడియోలోనే మాట్లాడతారు, అదే రికార్డ్ అయిపోతుంది."

"మరి నేను?"

"సెప్టెంబర్ వరకు ఉంటారు. ఐ యామ్ సారీ ఆంటీ."

ఆవిడకి భయమేసింది. జీతం పోతుందని కాదు. సెప్టెంబర్ దాటితే తనతో గుడ్ మార్నింగ్ అనే ప్రాణి ఉండదని.

మొదటి వీడియో మీటింగ్ ఆస్పత్రి దుప్పట్లు ఉతికే ఒక లాండ్రీ గురించి. సాయంత్రం ఐదుకి పాత ఒప్పందం గడువు అయిపోతుంది. కొత్తది కుదరకపోతే గేటుకి తాళమే, నూట నలభై మంది రోడ్డు మీద పడతారు. అందరూ ఎవరిళ్ళలో వాళ్ళు కూర్చున్నారు. ఖాళీ రూమ్‌లో తెర ముందు కృష్ణవేణి ఒక్కతే ఉంది. పొట్టుకి ఈ మోడర్నైజేషన్ సంగతేం తెలుస్తుంది? తెరలోంచి వచ్చి ఆ బల్లమీదే రాలింది. మధ్యాహ్నానికి ఆవిడ మోచేతుల దాకా వచ్చింది.

మూడింటికి యూనియన్ తరఫున డలోరిస్ మాట్లాడింది. ఇరవై రెండేళ్ళుగా దుప్పట్లు మడతపెడుతున్న మనిషి.

"నా మణికట్లు పోయాయి. మనవరాలికి జడ వేయలేకపోతున్నాను. రెండు గంటలకోసారి పని మార్చమంటున్నాం, అంతే."

కంపెనీ లాయరు మైకు ఆపేసి శాండ్‌విచ్ తింటున్నాడు. నీరజ్ ఏవో కాగితాలు వెతుక్కుంటున్నాడు. డలోరిస్ గొంతు సన్నబడిపోతోంది.

మనవాళ్ళకో అలవాటుంది కదా. ఎవరైనా చెబుతుంటే ఊఁ కొట్టాలి. కొట్టకపోతే చెప్పేవాళ్ళకి నోరాడదు. చిన్నప్పట్నుంచీ అలా పెరిగిన మనిషి ఎన్నాళ్ళని బిగబట్టుకుంటుంది? రూలు మరిచిపోయి కృష్ణవేణి "ఊఁ" అంది.

ఆవిడ మైకు ఆన్‌లోనే ఉంది. ఆ వీడియోలో ఎవరి గొంతు వినబడితే వాళ్ళ మొహమే తెరంతా పరుచుకుంటుంది. పొట్టులో కూరుకుపోయిన కృష్ణవేణి అందరిళ్ళలోనూ ప్రత్యక్షమైంది.

"ఎవరావిడ?" అన్నాడు లాయరు.

"నా మాట వింటున్న మనిషి," అని డలోరిస్ మళ్ళీ అందుకుంది.

 ఇంక తనని సెప్టెంబర్ దాకా కూడా ఉంచరు అనుకుంది కృష్ణవేణి. అయినా ఊఁ ఆగలేదు. ఒక్కో ఊఁకి పొట్టు వేలెడు దిగింది. లాయరు శాండ్‌విచ్ కింద పెట్టాడు. పనివాళ్ళని మారుస్తుంటే ఆలస్యమవుతుందనీ, ఆస్పత్రి ఇంకో లాండ్రీకి వెళ్ళిపోతుందని ఓనరు భయమనీ మొదటిసారి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆయనకీ ఊఁ కొట్టింది. అటు డలోరిస్ వింది. ఐదుకి పది నిమిషాలుందనగా బల్ల చెక్క కనబడింది, ఒప్పందం కుదిరింది.

పన్నెండో షరతు లాయరే టైప్ చేశాడు. ఇకపై ప్రతి మీటింగులోనూ కృష్ణవేణి ఉండాలి.

"ఆంటీ, సెప్టెంబర్ మాట మర్చిపోండి," అన్నాడు నీరజ్, అందరూ వింటుండగానే.

ఒక్కొక్కరే తెరమీంచి వెళ్ళిపోయారు. డలోరిస్ మాత్రం మిగిలింది.

"పొద్దున్నించీ అందరివీ విన్నారు. మీ సంగతేంటి, చెప్పండి."

 మా ఆయన, అని మొదలుపెట్టింది కృష్ణవేణి. భాస్కర్ పోయిన మంగళవారం పొద్దున కాఫీ తాగుతూ ఏమన్నాడో, తను విసుక్కుని ఏమందో ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. చెబుతుంటే ఏడుపొచ్చింది. ఏడుస్తూ ఎక్కడో తెలుగులోకి వెళ్ళిపోయింది. అవతల డలోరిస్‌కి ఒక్క ముక్క అర్థం కాలేదు. కుర్చీ తెర దగ్గరికి జరుపుకుని, "ఊఁ" అంది.