ఎర్ర బోర్డా, నీలం బోర్డా

హోటల్ లాండ్రీలో పనిచేసే దుప్పట్లక్క ఫోను మంగళవారం పొద్దున దుప్పట్లతోపాటు మిషన్లో పడింది. ముప్పావుగంట సేపు వేడినీళ్ళలో శుభ్రంగా ఉతుక్కుని తళతళలాడుతూ బయటికొచ్చింది. మెరుపైతే వచ్చింది గానీ ప్రాణం పోయింది. ఇంకొకరైతే లబోదిబోమని మొత్తుకునేవారు. ఆవిడ దాన్ని తువ్వాలుతో తుడిచి, జేబులో వేసుకుని, తర్వాతి దుప్పటి అంచులు అందుకుంది.

ఆవిడ అలా అయిపోయి పద్నాలుగు నెలలు. తండ్రితో మాటామాటా పెరిగి, ఒక్కగానొక్క కూతురు చేతిసంచితో ఇల్లు వదిలి వెళ్ళిపోయింది. తండ్రి కొనిచ్చిన ఫోను బల్ల మీద పెట్టేసి, "కొత్త నంబరు తీసుకుని నీకు చేస్తానమ్మా" అంది గుమ్మంలో నిలబడి. ఆ కాల్ రానేలేదు. మొదట్లో తల్లి ఏడ్చింది. తర్వాత ఏడుపూ రాలేదు. తింటోంది, పడుకుంటోంది, దుప్పట్లు మడతపెడుతోంది.

కానీ మనసులో ఒక ఆశ మిగుల్చుకుంది. లాండ్రీ ఉండేది హోటల్ కింద, నేలమాళిగలో. ఆవిడ ఫోను ఎర్ర బోర్డు కంపెనీది, దాని సిగ్నల్ అక్కడికి చచ్చినా రాదు. పిల్ల పగలే చేస్తోందేమో, ఆ వేళకి తను కింద ఉంటోందేమో! ఇదీ ఆవిడ ఆశ. ఎంత పిచ్చి ఆశైనా మనిషిని నిలబెడుతుంది కదా.

"ఈసారి నీలం కంపెనీ ఫోను తీసుకో అక్కా" అంది పక్క బల్ల మీద ఇస్త్రీ చేసే స్నేహితురాలు. నోరు మూతపడదు గనక ఆమెని అందరూ రేడియో అంటారు. "నాకు చూడు, ఈ గుంటలో కూడా నాలుగు గీతలూ నిండుగా ఉంటాయి. మీ ఎర్రది ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే."

"ఇంటిల్లిపాదికీ ఎర్రదే. మా ఆయన పేరు మీదే ఉంది. ఆయనేమంటాడో."

"ఆయన్ని బస్సు నడుపుకోమను. నీ చెవి కూడా ఆయనే నడపాలా?"

"నంబరు మారకూడదే. పిల్లకి తెలిసింది అదొక్కటే."

"అయ్యో రాత! నంబరు అదే ఉంచుకుని కంపెనీ మార్చుకోవచ్చు తల్లీ. వెళ్ళి ఎర్రవాళ్ళనే అడుగు."

రెండు కంపెనీల దుకాణాలూ వీధికి అటొకటీ ఇటొకటీ, పంతం పట్టిన తోడికోడళ్ళలా ఎదురెదురుగా ఉంటాయి. భోజనాల వేళ దుప్పట్లక్క ఎర్ర బోర్డు కిందికి వెళ్ళింది. కౌంటరులో నెరిసిన జుట్టావిడ నంబరు కొట్టి చూసింది.

"మారొచ్చండీ. మీవారు వచ్చి సంతకం పెట్టాలి. ఇంకోటి, ఈ నంబరుకి ఒకరి కాల్స్ రాకుండా ఆపించారు. కంపెనీ మారితే ఆ అడ్డు పోతుంది. పరవాలేదా?"

"ఎవరివి ఆపించారు?"

"మీవారే పెట్టించారండీ, పద్నాలుగు నెలల కింద, ఆ నంబరు నుంచి మొదటి మిస్డ్ కాల్ వచ్చిన రోజే. పేరు కూడా రాసుకున్నారు." ఆవిడ కళ్ళజోడు సర్దుకుంది. "అమ్మాయి అని."

ఏసీ చల్లగా తగులుతోంది. పక్క కుర్చీలో ఎవరో పెద్దాయన ఫోను కవర్లు ఒక్కొక్కటే తిప్పి చూస్తున్నాడు.

"పిల్ల చేసిందా?" అని అడిగింది దుప్పట్లక్క చివరికి.

"చాలాసార్లు. మొదట్లో రోజూ ఉన్నాయి. తర్వాత వారానికొకటి. ఈ మధ్య లేవు." కౌంటరావిడ గొంతు తగ్గించింది. "ఆపించిన నంబరు నుంచి చేస్తే, మీ కాల్ వీరికి వద్దట అని వినిపిస్తుందండీ."

"ఆ నంబరు ఒకసారి చూపించండి."

ఆమె ఒక్క క్షణం తటపటాయించి తెర ఇటు తిప్పింది. దుప్పట్లక్క పెన్ను అడిగి అంకెలన్నీ అరచేతిలో రాసుకుంది.

వీధి దాటి నీలం బోర్డు కిందికి వెళ్ళింది. అన్నిటికన్నా చిన్న ఫోను తీసుకుంది. నంబరు పాతదే కావాలా అని అడిగితే వద్దంది. కొత్తది, తన పేరు మీద కావాలంది.

దుకాణం మెట్ల మీదే కూర్చుని అరచేయి చూస్తూ అంకెలు నొక్కింది. మూడోసారి మోగుతుండగా అటువైపు తీశారు.

"ఎవరండీ?"

"నేనే. అమ్మని."

చిన్నప్పటి గొంతుతో అడిగింది పిల్ల. "కోపం తగ్గిందా అమ్మా?"

పద్నాలుగు నెలలుగా మొద్దుబారిన గుండె అప్పుడు భగ్గుమంది.

"నాకెప్పుడూ లేదే తల్లీ. ఇవాళే వచ్చింది, అదీ నీ మీద కాదు" అంది. "ఎక్కడున్నావో చెప్పు. వస్తున్నా."