కరివేపాకు కుండీలో గూడు

మా ఆయన నన్నెప్పుడూ పేరు పెట్టి పిలవలేదు. "ఏమేవ్" అనేవారు. అమెరికాలో ఈ మోరిస్‌విల్ వచ్చాక పక్కింటివాళ్ళు వింటారని అదీ మానేసి, పెరట్లోంచి ఈల వేసేవారు. రెండు పొట్టి, ఒకటి పొడుగు. చేతిలో పని వదిలేసి వెళ్ళేదాన్ని.

ఆయన పోయిన నాలుగు నెలలకి, మార్చిలో, కంచె మీంచి అదే ఈల వినిపించింది. గరిటెతోనే పరుగెత్తాను. బూడిదరంగు పిట్ట. కారు అలారంలా కాసేపు, పక్కింటి గేటులా కాసేపు అరిచి, మధ్యలో ఆయన ఈల.

"మాకింగ్‌బర్డ్ అత్తయ్యా," అంది కోడలు రేణు. "ఏది వింటే అది నేర్చేసుకుంటుంది. మామయ్యగారి దగ్గర ట్యూషన్‌కి వచ్చినట్టుంది."

నాలుగు నెలల్లో మొదటిసారి నవ్వాను.

ఆ రోజు నుంచి పొద్దున్నే అది పిలిచేది, నేను కాఫీ గ్లాసుతో వెళ్ళి కూర్చునేదాన్ని. ఎప్పుడు ఎగిరిపోతుందోనని భయంగానే ఉండేది. మా అమ్మా, చెల్లెలూ, ఆయనా, ఎవరూ చెప్పి వెళ్ళలేదు.

ఏప్రిల్ మధ్యలో ఓ సాయంత్రం, ఫ్రాస్ట్ పడుతుందని మా అబ్బాయి కృష్ణమోహన్ ఫోన్‌లో చూసి చెప్పాడు. చలి తగిలితే కరివేపాకు చెట్టు బతకదు. ఆయన ఏడేళ్ళు పెంచిన చెట్టు. కుండీ కింద చక్రాలున్నాయి. నేనే గరాజ్‌లోకి తోసి తలుపు వేసేశాను. పిట్ట అరుస్తూ వెంటపడింది. చక్రాల చప్పుడుకి బెదిరిందనుకున్నాను.

తెల్లారి బయటికి తీస్తే కొమ్మల మధ్య గూడు. పుల్లలు, బట్టలారబెట్టే డ్రయ్యర్‌లోంచి వచ్చే దూది, మూడు నీలిపచ్చ గుడ్లు. ముట్టుకుంటే గులకరాళ్ళలా చల్లగా ఉన్నాయి.

పిట్టా, దాని జోడూ వెళ్ళిపోలేదు. పక్కింటి పొదలో మళ్ళీ కట్టుకున్నాయి. కానీ నేను గుమ్మం దాటితే చాలు, అది పాట ఆపేసి చక్ చక్‌మంటూ నా నెత్తిమీదికి దూసుకొస్తుంది. రేణుని ఏమీ అనదు. చీర మార్చి చూశాను. రేణు స్వెటర్, టోపీ వేసుకుని చూశాను. గుర్తుపట్టేసింది. గూటి జోలికొచ్చిన మనిషిని అది మర్చిపోదని లైబ్రరీ పుస్తకంలో కూడబలుక్కుని చదివాను.

"ఆ ఈల నేను రికార్డ్ చేసి తెస్తాను అత్తయ్యా."

"ఫోన్‌లోంచి పిలిస్తే నేనెక్కడికి వెళ్ళనమ్మా?"

ఇవాళ కంచె మీద వాలింది. అద్దం తలుపుకి ఇవతల నిలబడ్డాను. దాని గొంతు కదులుతోంది. ఏసీ హోరులో ఏం పాడుతోందో అద్దం దాటి రాదు. గడియ మీద చెయ్యి వేశాను. తల తిప్పి చూసింది. గొంతు ఆగిపోయింది.

చెయ్యి తీసేసి కర్టెన్ లాగేశాను. పిలవనీ.