దారికి అడ్డం నిలబడ్డాను

నేను ఒక ఇనుప గేటును. హైదరాబాద్ శివార్లలో, ఒక వెల్డింగ్ షాపులో పుట్టాను. అప్పటికి పొలాలన్నీ వెంచర్లయ్యాయి. ఎవరి వెంచర్‌కు వాళ్లు రోడ్లు వేసుకున్నారు గానీ, ఒకరి రోడ్డు ఇంకొకరి రోడ్డుతో కలిస్తే ఒట్టు. పొరపాటున కలిసింది ఒక్కటే వీధి. కాలనీ ప్రెసిడెంట్ రంగాచారి ఆ పొరపాటును దిద్దడానికి నన్ను తెచ్చి నిలబెట్టి, తాళం వేయించాడు.

నాకు అవతల బస్తీలో చంద్రకళ ఇస్త్రీ బండి. ఆమె గిరాకీ అంతా ఇవతల కాలనీలోనే.

"పది అడుగుల దూరం సార్. తిరిగొస్తే మూడు కిలోమీటర్లు. ఇన్ని బట్టలు మోసుకొని ఎట్ల రావాలె? నా బండి మూతపడ్తది" అందామె.

"సెక్యూరిటీ అమ్మా" అన్నాడాయన.

ఆ సెక్యూరిటీకి మర్నాడే గండికొట్టింది ఆయన తల్లి అండాళమ్మ. కొడుకు చొక్కాలు మడిచి నా ఊచల సందులోంచి అవతలికి అందించింది. సాయంత్రానికి ఇస్త్రీ అయి అదే సందులోంచి తిరిగొచ్చాయి. వారం తిరక్కుండానే సగం కాలనీ ఆ సందు పట్టింది.

ఒకరోజు వాన పడింది. నేను తడిసి ఉన్నాను. రంగాచారి తెల్ల చొక్కా నాలోంచి వస్తుంటే కాసేపు గట్టిగా పట్టుకున్నాను. కావాలనే. వీపు మీద రెండు తుప్పు చారలు పడ్డాయి.

ఆ చొక్కాతోనే ఆయన నా ముందు జరిగిన కాలనీ మీటింగ్‌కు వచ్చాడు. "ఈ గేటు దాటి చీమ కూడా రాలేదు!" అని గర్జించి, నన్ను చూపించడానికి వెనక్కి తిరిగాడు. జనం గొల్లుమన్నారు.

"ఎందుకు నవ్వుతున్నరు?"

అండాళమ్మ లేచింది. "ఒరేయ్ రంగా, నీ వీపు మీద గేటు అచ్చు పడ్డదిరా! నీ చొక్కాలు రోజూ దీంట్లకెల్లే ఇస్త్రీకి పోతున్నయ్. ఆ పిల్లను రోడ్డు మీద రానియ్యవు, ఆమె చేసిన ఇస్త్రీ మాత్రం కావాల్నా?"

నవ్వులు ఆగిపోయాయి. రంగాచారి జేబులోంచి తాళంచెవి తీసి నా తాళం విప్పాడు. చంద్రకళ ఆ సాయంత్రమే బండి తోసుకుంటూ వచ్చింది. అండాళమ్మ ఎదురెళ్లి ఒక చెయ్యి వేసింది.

తర్వాత నన్ను ఊడబీకి అమ్మేశారు. ఇప్పుడు పాత ఇనుప సామాన్ల కొట్లో పడి ఉన్నాను. నిన్న ఇంకో కాలనీ ప్రెసిడెంట్ వచ్చి, నన్ను అటూ ఇటూ కొలిచి పెదవి విరిచాడు. వాళ్ల వీధి నాకంటే నాలుగడుగులు వెడల్పట.

పనికిరానని తేలినందుకు ఇంత సంబరపడిన గేటు ఇంకొకటి ఉండదు.