పై అంతస్తుకు నేల

మే నెల చివరి వారంలో ఒక మధ్యాహ్నం తేజశ్రీ కంచంలో సున్నపు పెళ్ల పడింది. పప్పులో పడటంతో చప్పుడు కూడా కాలేదు. ఆ అమ్మాయి దాన్ని వేలితో తీసి కంచం అంచున పెట్టింది.

"మామిడికాయ ముక్క అనుకున్న ఆంటీ. కొరికితే తెలిసింది," అంది.

బల్ల చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. పెద్దమ్మ నవ్వలేదు. గరిటె చేత్తో పట్టుకుని పైకి చూస్తూ నిలబడిపోయింది.

దేశ రాజధానిలో, బేర్ సరాయ్‌లో ఒక ఇరుకు సందులో, రెండో అంతస్తులో మా పెద్దమ్మ జానకమ్మ తెలుగు మెస్ నడుపుతోంది. పెదనాన్న కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో పనిచేసేవాడు. ఆయన పోయాక సరోజినీ నగర్‌లో క్వార్టర్ ఖాళీ చేసి ఇక్కడికి వచ్చి పొయ్యి వెలిగించింది. అది ఎనిమిదేళ్ల క్రితం మాట. నేను ఇంటర్ అయ్యాక తెనాలి దగ్గర మా ఊరినుంచి వచ్చి ఆవిడకు తోడున్నాను. మా దగ్గర తినేవాళ్లంతా ఇంజనీరింగ్ చదివి ఉద్యోగాల పరీక్షలకు కోచింగ్ తీసుకునే పిల్లలు.

ఆ ఇంటి పైకప్పు పాతకాలపుది. ఇనుప దూలాలు వేసి వాటిమీద ఎర్ర రాతి పలకలు పరిచారు. పొయ్యికి ఎదురుగా ఉన్న పలక మీద చలికాలంలో వెంట్రుకంత గీత కనిపించింది నాకు. ఇప్పుడు అందులో గోరు దూరుతుంది. దూలం తుప్పు పట్టి ఉబ్బి, పలకను పైకి నెడుతోంది.

ఆ సాయంత్రం ఇంటి యజమాని దశరథ్‌ని పిలిచాం. ఆయన ఈ ఊరివాడే, కింది అంతస్తులో ఉంటాడు. చేతికర్రతో పలకను పొడిచాడు. పిడికిలంత పెళ్ల ఊడి ఆయన చెప్పుల ముందే పడింది. ఆయన వెనక్కి జరిగి, "ఈ వానలు దాటదు అమ్మాజీ. పాతదంతా తీసేసి లెంటర్ వేయాలి," అన్నాడు హిందీలో. లెంటర్ అంటే ఇక్కడివాళ్ల మాటలో సిమెంటు స్లాబు.

"వేయించండి మరి," అంది పెద్దమ్మ.

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "నేనా? ఛత్ తో ఆప్ హీ దేఖ్‌తీ హై. ఎనిమిదేళ్లుగా పైకప్పు మీరే కదా చూసుకుంటున్నారు. ఒక్కసారైనా నన్ను అడిగారా?"

అది నిజమే. మా ఊళ్లో పెంకుటింట్లో అద్దెకు ఉన్నవాళ్లయినా వానలకు ముందు పెంకులు తామే తిరగేయించుకుంటారు. ఇంటాయన దగ్గరికి వెళ్లి పెంకు పగిలిందని చెప్పడం చిన్నతనం. ఆ అలవాటుతోనే పెద్దమ్మ ప్రతి వేసవిలో మనిషిని పెట్టి మిద్దె మీద తారు పోయించేది, పగుళ్లకు సిమెంటు పెట్టించేది. ఎవరూ అడగకుండానే ఖర్చు తానే పెట్టుకునేది. లోపల చినుకు పడకుండా చూసుకున్నానని అందరితో గొప్పగా చెప్పేది కూడా. దశరథ్ అదంతా కింద నుంచి చూస్తూ వచ్చాడు.

మర్నాడు ఆయన కట్టుబడి పని చేయించే ఠేకేదారును తీసుకొచ్చాడు. పాన్ నములుతూ గది కొలతలు తీసుకున్నాడు అతను. టేపు రెండో కొన నా చేతికిచ్చాడు. నేను మాట్లాడకపోయేసరికి నాకు హిందీ రాదని అనుకున్నట్టున్నాడు. గోడల మూలల్లో, మధ్యలో ఎర్ర ఇటుక ముక్కతో పెద్ద పెద్ద గుర్తులు పెట్టాడు. మెట్లు దిగుతూ దశరథ్‌తో, "సరియా తీన్ ఫుట్ ఊపర్ ఛోడ్ దేంగే," అన్నాడు. ఇనుప కడ్డీలు మూడడుగులు పైకి వదిలేస్తారన్నమాట. దశరథ్ మెల్లగా మాట్లాడమన్నట్టు చెయ్యి ఊపాడు.

లెక్క నాలుగు లక్షల పదివేలకు తేలింది. ఇప్పుడు ఆ డబ్బంతా పెద్దమ్మ పెట్టుకోవాలి. దశరథ్ నెలనెలా అద్దెలో ఐదువేలు తగ్గించుకుంటాడు. అది ఆయన చెప్పిన పద్ధతి. "ఘర్ కీ బాత్ హై," అన్నాడు. ఇంటిమనుషుల మధ్య మాట కాబట్టి రాతకోతలు అక్కర్లేదని.

ఆ రోజునుంచి పెద్దమ్మ ఒకచోట కూర్చోలేదు. కూర తరుగుతూ లేచి పలక కింద నిలబడేది. అన్నం వార్చడం నాకప్పగించి మెట్లు దిగేది, సందు చివరిదాకా వెళ్లి ఏమీ కొనకుండా తిరిగి వచ్చేది. గాజులు కుదువ పెట్టే సంగతి ఫోన్లో ఎవరితోనో మాట్లాడింది. చీటీ ముందుగా పాడుకుంటే ఎంత పోతుందో అడిగింది. జూన్ మధ్యలో కొత్త బ్యాచ్‌లు మొదలవుతాయి. మొదటి వారంలో ఎక్కడ రుచి మరిగితే పిల్లలు ఏడాదంతా అక్కడే తింటారు. ఆ వారం పొయ్యి ఆరితే మెస్ ఆరినట్టే. ఆవిడ భయమంతా అదే.

"గాజులు ఏడాదిలో విడిపించుకోవచ్చులే," అంది నాతో. "ఏమంటావే కస్తూరీ?"

నా ఆలోచనంతా ఆ మూడడుగుల కడ్డీల మీదే ఉంది.

సాయంత్రం ఆరిన అప్పడాలు తీసుకురావడానికి పైకి వెళ్లినప్పుడు చుట్టూ చూశాను. రోజూ చూసేదే. కొన్ని ఇళ్ల మిద్దెల మీద సిమెంటు స్తంభాల మొండేలు, వాటిలోంచి పైకి పొడుచుకొచ్చిన కడ్డీలు, కొన్నిటికి తలకిందులుగా తగిలించిన ప్లాస్టిక్ సీసాలు. ఏడాది తిరిగేసరికి అవే ఇళ్ల మీద ఇంకో అంతస్తు లేచి, చిన్న చిన్న గదుల కిటికీల్లో ఆరేసిన తువ్వాళ్లు కనిపిస్తాయి. ఎర్ర రాతి పలకల ఇళ్ల మీద మాత్రం ఎప్పుడూ కడ్డీలు ఉండవు. ఆ రాళ్లు ఇంకో అంతస్తు మోయలేవు.

రాత్రి భోజనాల దగ్గర, అలా కడ్డీలు పైకి వదిలితే పిల్లర్లు లేపుతున్నట్టేనా అని అర్జున్‌ని అడిగాను. అతనిది అనంతపురం. సివిల్ ఇంజనీరింగ్. మూడోసారి పరీక్ష రాస్తున్నాడు. నేను నా అంతట నేనుగా మాట్లాడటం చూసి ముద్ద చేతిలోనే ఆపాడు.

"పిల్లర్లా? ఎన్ని?" అన్నాడు.

గోడల మీద గుర్తులు చూపించాను. అతను లేచి చెయ్యి కడుక్కోకుండానే ఒక్కో గుర్తు దగ్గరికి వెళ్లాడు.

తేజశ్రీ, "చూసినవా ఆంటీ, మూడేండ్ల నుంచి చదివింది ఇయ్యాల పనికొచ్చింది," అంది.

"నీ నోటికి తారు పొయ్యల్ల," అన్నాడు అర్జున్. తర్వాత పెద్దమ్మ వైపు తిరిగాడు. "ఆంటీ, నేను చెప్తాండేది ఇనండి. మీకు గోడలున్నాయి. గోడల మీద స్లాబు పోసుకుంటే చాలు. పాతది పగలగొట్టేదానికి, మోసేదానికి, పూతకు అంతా కలిపినా రెండు లక్షలు దాటదు. మిగిలిందంతా ఈ పిల్లర్లకు, బీములకు. ఇవి మీ పైకప్పుకు కాదు."

"మరి దేనికయ్యా?"

"పైన గదులు కట్టేదానికి."

పెద్దమ్మ గిన్నె కింద పెట్టింది. ఎవరికీ మారు వడ్డించలేదు.

"ఇంకోటి," అన్నాడు అర్జున్. అది అతనికి అప్పుడే తట్టినట్టుంది. "సెంట్రింగు పెడతారు కదా. స్లాబు గట్టిపడేదాకా ఈ గది నిండా కింద కర్రలు నిలబెట్టల్ల. తక్కువంటే మూడు వారాలు. మీరు వంట యాడ చేస్తారు?"

ఈ మాట ఠేకేదారు చెప్పలేదు. దశరథ్ చెప్పలేదు. మేమూ అడగలేదు. నాలుగు లక్షల గురించే ఇన్నాళ్లూ అటూ ఇటూ తిరిగాం, గదిలో నిలబడే కర్రల సంగతి ఎవరికీ తోచలేదు. పగలగొట్టడానికి కొన్ని రోజులు, కర్రలు మూడు వారాలు, తర్వాత పూత. కొత్త బ్యాచ్ వచ్చే రోజులన్నీ అందులో పోతాయి.

పొద్దున్నే పెద్దమ్మ కిందికి దిగింది. నన్నూ రమ్మంది. దశరథ్ గుమ్మం ముందు కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నాడు.

"దశరథ్ జీ, పైన గదులు ఎన్ని వేస్తున్నారు?" అంది.

ఆయన కప్పు కింద పెట్టలేదు. కాస్త ఆలోచించి, "నాలుగు పడతాయి," అన్నాడు. దాచిపెట్టినందుకు సిగ్గుపడుతున్నట్టు కనిపించలేదు. "ఎప్పటికైనా కట్టాలిగా. ఒకసారి పని మొదలుపెట్టినప్పుడే పిల్లర్లు లేపేస్తే మంచిది. మీకూ గట్టి కప్పు."

"నాకు కావాల్సింది కప్పు. మీకు కావాల్సింది పై అంతస్తుకు నేల. నేల నేను కొనిపెట్టాలా?"

"కొనడమేంది అమ్మాజీ? అద్దెలో తగ్గిస్తానన్నానుగా."

అప్పుడు నేను మాట్లాడాను. నా హిందీ అంత బాగుండదు. "అంకుల్, నెలకు ఐదువేలంటే ఆరేళ్లు దాటుతుంది. మన అగ్రిమెంటు పదకొండు నెలలదే," అన్నాను.

దశరథ్ నన్ను మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. "యే బోల్‌తీ భీ హై?" అన్నాడు పెద్దమ్మతో, ఈ పిల్ల మాట్లాడుతుంది కూడానా అన్నట్టు.

"అప్పుడప్పుడు," అంది పెద్దమ్మ.

ఆయన నవ్వాడు గానీ ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. "చూడండి, ఖర్చు నేను పెట్టుకుంటే అద్దె ఇదే ఉండదు. కొత్త లెంటర్ కింద గది ఈ రేటుకు ఈ సందులో ఎవడిస్తాడు? మీరు కాకపోతే ఇంకొకరు వస్తారు."

"ఎంత?"

"ఎనిమిదివేలు ఎక్కువ."

పెద్దమ్మ చీర కొంగు వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ నిలబడింది. ఆ ఎనిమిదివేలు ఎప్పటికీ తగ్గేవి కావు. గాజులు మాత్రం చేతికే ఉంటాయి. ఏది ఎక్కువో ఏది తక్కువో ఆవిడ ముఖంలో నాకు అర్థం కాలేదు. ఎదురుగా ఉన్న షెడ్డు వైపు చూసింది. దశరథ్ కొడుకు కారు నిలిపే చోటు అది.

"ఆ ఎనిమిదివేలు ఇస్తా. పని నడిచినన్నాళ్లూ ఆ షెడ్డు నాకివ్వండి. పొయ్యి అక్కడ పెట్టుకుంటా. ఆ రోజులకు అద్దె ఇవ్వను. కారు బయట ఉంటుంది."

"కొడుకు ఒప్పుకోడు."

"పైన నాలుగు గదులు వస్తే ఒప్పుకుంటాడు."

ఆయన చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగేశాడు. "ఠీక్ హై," అన్నాడు. "లేకిన్ పొగ నా ఇంట్లోకి రాకూడదు."

నాలుగు రోజులకు పని మొదలైంది. పలకలు దింపుతుంటే దుమ్ము సందంతా కమ్మింది. మేము షెడ్డులో ఒక మూల పొయ్యి పెట్టి, మిగిలిన చోట బల్లలు వేశాం. కారు నిలిపే చోట ఇంజనాయిల్ మరకలు ఉంటే వాటిమీద గోనెసంచులు పరిచాం. పిల్లలు కొందరు మెట్ల మీద కూర్చుని తిన్నారు. పైన సమ్మెట దెబ్బ పడినప్పుడల్లా పెద్దమ్మ భుజాలు ఉలిక్కిపడేవి. కొత్త బ్యాచ్‌లో కొంతమంది వచ్చి, షెడ్డు చూసి, వెనక్కి తిరిగారు. కొంతమంది కూర్చున్నారు. ఆవిడ రోజూ కొత్త ముఖాలను లెక్కపెట్టేది. ఎంతమందో నాతో చెప్పేది కాదు.

జూన్ చివర్లో ఒక రోజు, షెడ్డులో అందరూ తింటుండగా పెద్దమ్మ మధ్యలో నిలబడి చెప్పింది.

"జులై నుంచి నెలకు నాలుగొందలు ఎక్కువ తీసుకుంటా పిల్లలూ. కారణం మీకు తెలుసు. ఇంతకంటే తక్కువకి నాకు కుదరదు."

తేజశ్రీ, "ఆంటీ, సున్నం ముక్కలకు ఎక్స్‌ట్రా లేదు కద?" అంది. కొందరు నవ్వారు. ఒకరిద్దరు ముఖాలు చూసుకున్నారు. కొత్తగా వచ్చిన అబ్బాయి పక్క మెస్‌లో ఎంత తీసుకుంటున్నారని మెల్లగా అడగడం నాకు వినిపించింది.

అర్జున్ తిని, కంచం తొట్టిలో వేసి, అందరూ వెళ్లేదాకా ఆగాడు. నేను బల్లలు తుడుస్తున్నాను. అతను పెద్దమ్మ దగ్గరికి వెళ్లాడు.

"ఆంటీ, వచ్చే నెలనుంచి నాకు మధ్యాహ్నం ఒక్కటే చాలు," అన్నాడు. "రాత్రి లైబ్రరీలోనే ఆలస్యమైతాంది. టీ, బన్నుతో సరిపోతాంది."

మూడేళ్లుగా అతను రాత్రి భోజనానికే ముందుగా వచ్చి, చివరగా వెళ్లేవాడు.

"లైబ్రరీ ఎనిమిదింటికే మూస్తారు కదయ్యా," అంది పెద్దమ్మ.

అతను నేల వైపు చూశాడు. "నాయన పంపేది అంతే ఆంటీ. ఇంకెక్కువ పంపమని అడిగితే పరీక్ష వద్దు, ఇంటికి రమ్మంటాడు." తర్వాత, తప్పు తనదైనట్టు, "మీరు చేసింది కరెక్టే. నేనైనా అట్లనే లెక్క వేసేవాణ్ణి," అన్నాడు.

అతను మెట్ల దగ్గర చెప్పులు వేసుకుని సందులోకి వెళ్లాడు. పెద్దమ్మ షెడ్డు గుమ్మందాకా వెళ్లి నిలబడి, లోపలికి వచ్చి, మళ్లీ గుమ్మందాకా వెళ్లింది. ఒక్కడికి తగ్గిస్తే బల్ల మీద పక్కన కూర్చున్నవాళ్లందరికీ తెలుస్తుంది. అందరికీ తగ్గిస్తే దశరథ్‌కు ఇవ్వడానికి ఉండదు. ఆ మాట ఆవిడ నాతో అనలేదు. నాకు తెలుసు.

"కస్తూరీ, పొద్దున టిఫిను మొదలుపెడితే ఎంతమంది తింటారంటావు?" అంది కాసేపటికి.

"నాలుగింటికే లేవాలి పెద్దమ్మా."

"ఇప్పుడు మాత్రం నిద్రపోతున్నానా," అంది. ఇడ్లీకి మినపప్పు ఎంత ఉందో చూడమని నన్ను డబ్బాల దగ్గరికి పంపింది. నేను డబ్బా మూత తీసేసరికే వెనక వచ్చి నిలబడి, తానే చెయ్యి పెట్టి చూసింది.