జోప్ అడిగిన ఇల్లు

ఎంబూర్ రేవులో మధ్యాహ్నం నమాజు ముగిసేసరికి కినె ఇంట్లో చేపల అన్నం పళ్ళెం చాప మీదకి వస్తుంది. దాంతోపాటే పక్కింటి అలసాన్ జోప్ కూడా వస్తాడు. ఆయన పోయి రెండేళ్ళయింది. బతికున్నప్పుడు ఒక్క పూటా ఆ పళ్ళేన్ని వదలనివాడు, పోయాక మాత్రం ఎందుకు మానేస్తాడు? కినె చేపముక్కకి ముల్లు తీసి ఆయన ముందుకి జరుపుతుంది. ముక్క తరగదు గానీ, అందులో ఉప్పు పోతుంది. తర్వాత దాన్ని పిల్లికి వేస్తారు.

ఆ రోజు ఇరుగుపొరుగుతో పాటు ఆమె బావగారు మోదు న్జాయ్ కూడా పళ్ళెం చుట్టూ కూర్చున్నాడు. కినె భర్త పోయిన సంతాపపు గడువు ముందురోజే తీరింది. బావగారు ఎందుకొచ్చాడో ఆమెకి తెలుసు.

"చూడమ్మా, ఇల్లు మా తమ్ముడిది. నీకా పిల్లల్లేరు. శుక్రవారానికల్లా పుట్టింటికి బయల్దేరు," అన్నాడు మోదు, ముద్ద మింగి.

"నేను చేపలెండబెట్టి కట్టించిన గోడలు బావగారూ ఇవి."

"కాదన్నానా? పేరు మాత్రం మాది."

కినె తల వంచుకుని ఇంకో చేపముక్కకి ముల్లు తీయసాగింది.

"ఒరేయ్ న్జాయ్, నా బానిసా!" అన్నాడు అలసాన్. "అన్నమంతా నువ్వే లాగిస్తున్నావు. మీ వాళ్ళవి కడుపులా, గోతాలా?"

జోప్‌లకీ న్జాయ్‌లకీ తాతలనాటి వేళాకోళం. ఎంత మాటన్నా కోపగించుకోకూడదు. నలుగురిలో అడిగింది ఇచ్చి వెనక్కి తీసుకోకూడదు. మోదుకి హుషారొచ్చింది.

"చచ్చినా నీ ఆకలి చావలేదురా జోప్! పళ్ళెం కూడా మింగు!"

"పళ్ళెం ఏ మూలకి? ఇల్లిస్తావా?"

"తీసుకోరా తిండిపోతూ! తలుపులతో సహా మింగు!"

అందరూ పగలబడి నవ్వారు. అలసాన్ మాత్రం నవ్వలేదు.

"ఇచ్చాడు, తీసుకున్నాను. విన్నారుగా?"

"విన్నాం," అన్నారు ఇరుగుపొరుగు.

మోదు చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. జోప్ మీద కోప్పడిన న్జాయ్‌ని రేవులో ఎవడూ మనిషి కింద లెక్కెయ్యడు. "దొంగ జోప్!" అని బలవంతాన నవ్వి, చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాడు.

"మరి నువ్వు నన్నెప్పుడు పొమ్మంటావు బాబాయ్?" అంది కినె.

"ఎక్కడికే? చచ్చినవాడికి ఇల్లెందుకు? హాయిగా ఉండు."

భర్త పోయిననాడు కూడా పళ్ళ బిగువున నిలబడ్డ కినె, అందరూ చూస్తుండగానే మోకాళ్ళలో తల పెట్టుకుని భోరున ఏడ్చింది.